నీళ్ళ ట్యాంకు ఎత్తు – మనమూ వేయగల లెక్క
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు – వీటి గురించే మాట్లాడుకుంటాం. ప్రత్యేక సంచిక కోసం ఈసారి ఎవరి ఉద్యోగంలో వారు నేర్చుకున్న పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఇంజనీరింగు ఆఫీసుల్లో గుమాస్తాగా ఫైళ్ళు మోసినవాణ్ణి. ఎస్టిమేట్లకు నకళ్ళు రాసి, బిల్లులు సరిచూసి, ఎం.బుక్కుల్లో కూడికలు మళ్ళీ మళ్ళీ కూడి, ఆ దారిలో కొంత నేర్చుకున్నాను. అందులో అందరికీ అవసరమైనది ఒక్కటే చెబుతాను: నీళ్ళ ట్యాంకు ఎంత ఎత్తున ఉండాలి?

ఇది చిన్న ప్రశ్నలా కనబడుతుంది. కాని మన రెండు జిల్లాల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టే తిరిగింది. నీటికి ఒకే చట్టం. అది పై నుంచి కిందికే పోతుంది. దానికి జీవోలు, సర్క్యులర్లు పట్టవు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్ట కట్టడంలో పాలమూరు కూలీల చెమట ఎంత ఉందో మీకు తెలుసు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. ఆనకట్ట మన నల్లగొండ జిల్లాలోనే ఉన్నా, కాలువల్లో నీళ్ళు ఆ మట్టం కన్నా పల్లంగా ఉన్న భూములకే పారాయి. దేవరకొండ, మునుగోడు, మర్రిగూడ వైపు మెరక భూములు ఆ మట్టానికి పైన ఉండిపోయాయి. పక్కనే సముద్రమంత నీరు, మనకు మాత్రం బోరింగు నీళ్ళు. ఆ బోరింగుల్లో రాతి పొరల నుంచి దిగిన ఫ్లోరైడు.

హైదరాబాదుకు కృష్ణా నీళ్ళు పోతున్న తీరు చూడండి. 2004లో మొదటి దశ నీళ్ళు అందాయి. సాగర్ వెనుక నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయానికి తెస్తారు. కోదండాపురంలో శుద్ధి చేసి, నాసర్లపల్లి, గోడకొండ్ల దగ్గర మజిలీ మజిలీగా పంపులతో ఎత్తి, గున్‌గల్ రిజర్వాయరుకు చేరుస్తారు. అక్కడి నుంచి సాహెబ్‌నగర్‌కు నీళ్ళు వాటంతట అవే దిగుతాయి. అంటే గున్‌గల్లు రాజధానికి పెద్ద మిద్దె ట్యాంకు లాంటిది. మహబూబ్‌నగర్ వైపు కల్వకుర్తి ఎత్తిపోతల పథకంలోనూ అంతే. శ్రీశైలం జలాశయం నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు మెట్లు ఎక్కించాక, ఆ తరువాత కాలువల పని భూమి వాలుదే.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. సాగర్ కన్నా ఎత్తు గనుక, సొరంగం తవ్వితే పంపులు లేకుండానే నల్లగొండకు నీళ్ళు పారతాయన్నదే శ్రీశైలం ఎడమగట్టు సొరంగం వెనుక ఉన్న ఆలోచన. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం అది. 2025 ఫిబ్రవరి 22న అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది కార్మికులు చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మన నీళ్ళ కోసం పనిచేసినవారు. వాటం కోసం మనుషులు చెల్లించే వెల ఎంతో ఆ రోజు చూశాం. వారిని తలచుకొని ముందుకు పోదాం.

ఇప్పుడు లెక్కలోకి వస్తాను. భయపడకండి, కూడికలు తీసివేతలే.

చాలామంది అనుకునేది ఏమిటంటే, ట్యాంకు పెద్దదైతే నల్లాలో నీళ్ళు జోరుగా వస్తాయని. అది నిజం కాదు. లక్ష లీటర్ల ట్యాంకైనా, వెయ్యి లీటర్ల ట్యాంకైనా, నీటి మట్టం ఒకే ఎత్తున ఉంటే కింద కదలకుండా ఉన్న నీటి ఒత్తిడి ఒక్కటే. ట్యాంకు సైజు ఎన్ని బిందెలు నిండుతాయో చెబుతుంది. ట్యాంకు ఎత్తు ఎంత దూరం, ఎంత మెరకకు నీళ్ళు పోతాయో చెబుతుంది. ఈ రెంటినీ కలపకూడదు. పది మీటర్ల ఎత్తు నీరు ఉంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక కిలో ఒత్తిడి. అంతే సూత్రం.

ఊరి ట్యాంకు ఎత్తుకు మూడు అంకెలు కూడాలి.

ఒకటి, ఊళ్ళో అన్నిటికన్నా మెరకన ఉన్న ఇంటి నేల మట్టం.

రెండు, ఆ ఇంటి నల్లా దగ్గర మిగలవలసిన ఒత్తిడి. 1999 నాటి కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ ప్రకారం ఒక అంతస్తు ఇళ్ళకు 7 మీటర్లు, రెండంతస్తులకు 12, మూడంతస్తులకు 17.

మూడు, దారిలో పైపు తినేసే ఒత్తిడి. పైపు గోడలకు రాసుకుంటూ పోయేటప్పుడు నీరు తన జోరు కొంత పోగొట్టుకుంటుంది. పైపు ఎంత పొడవైతే అంత నష్టం. ఎంత సన్నమైతే అంతకు ఎన్నో రెట్ల నష్టం.

ఈ మూడూ కూడితే వచ్చేది ట్యాంకులో నీటి అట్టడుగు మట్టం. ఇది గుర్తుంచుకోండి, పై మట్టం కాదు, అడుగు మట్టం. ట్యాంకు నిండినప్పుడు ఎలాగూ నీళ్ళు వస్తాయి. ఖాళీ అయ్యే వేళకు కూడా చివరి ఇంటికి రావాలి గదా. ఆ అడుగు మట్టంలో నుంచి ట్యాంకు కట్టే చోటి నేల మట్టం తీసివేస్తే, స్తంభాల ఎత్తు వస్తుంది.

దీన్ని ఒక నిజమైన ఫైలుతో చెబుతాను. ఊరి పేరు, ఆఫీసు పేరు చెప్పను. అవసరం లేదు. 1980ల చివరి మాట. మునుగోడు వైపు ఒక పల్లె. వాగు పక్కన ఫ్లోరైడు తక్కువున్న బావి తవ్వి, ఊళ్ళోకి నీళ్ళు తెచ్చి, ట్యాంకు కట్టారు. నీళ్ళు వదిలారు, కొబ్బరికాయ కొట్టారు. ఆరు నెలలకు తపాలులో ఒక అర్జీ వచ్చింది. ఊరి చివర మెరక మీదున్న హరిజనవాడ నుంచి – అప్పట్లో కాగితాల్లో అలాగే రాసేవారు – ఒక ముసలమ్మ వేలిముద్రతో. ఎవరో బడి పిల్లవాడు రాసిపెట్టిన అక్షరాలు. సారాంశం ఇది: “సారూ, టాంకీ మా ఊళ్ళనే ఉన్నది, నల్లా మా ఇంటి ముందే ఉన్నది, నీళ్ళు మాత్రం లేవు. తెల్లారి ఒక్క బిందె నిండుతది, ఇగ బంద్ అయితది. మేం బోరింగు నీళ్ళే తాగుతున్నం.”

అర్జీకి కింది నుంచి వచ్చిన మొదటి జవాబు: నీళ్ళు సక్రమంగా సరఫరా అవుతున్నాయి. ట్యాంకు సామర్థ్యం జనాభాకు సరిపోతుంది. ఇది నిజమే. మనిషికి రోజుకు 40 లీటర్లన్నది అప్పటి ప్రమాణం. ఊరికి 1,500 మంది, అరవై వేల లీటర్ల ట్యాంకు. లెక్క సరిగ్గా ఉంది. కాని ఆ ముసలమ్మ అడిగింది ఎన్ని లీటర్లని కాదు.

ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది. పాత ఎస్టిమేటు తీసి జతపరిచాను. అందులో పైపులైను దారి పొడుగునా నేల మట్టాలు గీసిన కాగితం ఒకటి ఉంటుంది. ఆ గీత బడి దగ్గర ఆగిపోయింది. వాడకు వేసిన 600 మీటర్ల లైను తరువాత చేర్చిన పని. దానికి పొడవు ఉంది, పైపు ధర ఉంది, మట్టాలు లేవు. “వాడ నేల మట్టం ఫైలులో కనబడలేదు” అని నోటులో ఒక్క వాక్యం రాసి పైకి పెట్టాను. గుమాస్తా చేయగలిగింది అంతే. కొత్తగా వచ్చిన ఒక ఎ.ఇ. గారు ఆ వాక్యం చదివి, లెవల్ పెట్టె, స్టాఫ్ కర్ర పట్టుకొని పోయి చూశారు.

ట్యాంకు కట్టిన చోటిని 100 మీటర్లనుకుంటే, వాడ 104.50 దగ్గర ఉంది. నాలుగున్నర మీటర్ల మెరక. నడిచిపోయేవారికి తెలియదు, 600 మీటర్ల దూరంలో అంత ఎక్కడం ఏముందనిపిస్తుంది. బిందె నెత్తిన ఉన్నవారికే తెలుస్తుంది.

ఇక లెక్క చూడండి. ట్యాంకు స్తంభాలు 12 మీటర్లు. అంటే అడుగు మట్టం 112. వాడ 104.50. తేడా 7.50. వాడలో 300 మంది. మనిషికి 40 చొప్పున 12,000 లీటర్లు. నీళ్ళు పొద్దున గంట, సాయంత్రం గంట వదులుతారు. అంటే సెకనుకు 1.67 లీటర్లు పారాలి. వేసిన పైపు లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు. 600 మీటర్లలో అది తినేసేది దాదాపు 4.35 మీటర్లు. వంపులు, వాల్వులు కలిపి 5 అనుకోండి. మిగిలింది రెండున్నర మీటర్లు. ఉండవలసింది 7.

ఆ రెండున్నర కూడా కాగితం మీదే. ఆ పైపుకే దారిలో కింది వీధుల నల్లాలు కూడా తగిలించారు. పల్లంలో నల్లాలు విప్పితే ఒత్తిడి అక్కడే చచ్చిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైన మరో మూడు మీటర్ల నీరు ఉంటుంది గనుక తెల్లవారగానే ఒక బిందె నిండేది. మట్టం దిగగానే బంద్. ముసలమ్మ రాయించిన ఒక్క వాక్యంలో ఈ లెక్క మొత్తం ఉంది.

7 మీటర్లు మిగలాలంటే ట్యాంకు ఎంత ఎత్తున ఉండాల్సింది? 104.50కి 7, దానికి 5 కూడితే 116.50. అంటే స్తంభాలు పదహారున్నర మీటర్లు. కట్టిన ట్యాంకును నాలుగున్నర మీటర్లు పైకి లేపడం ఎవరి తరం? ఇక్కడే ఆ ఎ.ఇ. గారి తెలివి. ఎత్తు పెంచలేకపోతే నష్టం తగ్గించాలి. 60 మిల్లీమీటర్ల పైపు బదులు 80 వేస్తే అదే నీటికి నష్టం 4.35 నుంచి దాదాపు 1.07 మీటర్లకు దిగుతుంది. వంపులతో 1.30 అనుకుందాం. వ్యాసం మూడో వంతు పెరిగితే నష్టం నాలుగో వంతుకు పడిపోయింది! ట్యాంకు నుంచి వాడకు విడిగా 80 మిల్లీమీటర్ల లైను, దారిలో ఒక్క నల్లా కూడా లేకుండా. అప్పుడు మిగిలేది 7.50లో 1.30 పోగా 6.20 మీటర్లు. ఏడుకు కొంచెం తక్కువే, కాని ఇంటి ముందు నల్లాకు చాలు.

అదే చేశారు. వాడకు నీళ్ళు వచ్చాయి.

కాని ఎప్పుడు? అర్జీ అందిన నాటి నుంచి రెండున్నరేళ్ళకు. మట్టాలు తీయడానికి ఒక రోజు పట్టింది. మిగతా కాలమంతా సవరించిన ఎస్టిమేటు, మంజూరు, టెండరు, నిధుల విడుదల. ఈ సభలో ఉన్నవారందరికీ ఆ మెట్లు తెలిసినవే. ఆ రెండున్నరేళ్ళు వాడ పిల్లలు బోరింగు నీళ్ళే తాగారు. శాశ్వత దంతాలు చిగురు కింద తయారయ్యేది ఎనిమిదేళ్ళ లోపు వయసులో. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళ మీద పడే గోధుమ మచ్చ తరువాత ఎన్ని మంచినీళ్ళు తాగినా పోదు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఫైలు ఆగుతుంది, పిల్లల పళ్ళు ఆగవు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల ఫ్లోరైడు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఆ హద్దుకు ఎన్నో రెట్లు దాటిన బోర్లు మన మెరక ఊళ్ళలో ఉండేవి.

ఫ్లోరైడు తీయడానికి 1970లలో నాగపూర్ పరిశోధన సంస్థ ‘నీరి’ వారు ఒక పద్ధతి రూపొందించారు. పటిక, సున్నం, బ్లీచింగు పొడి కలిపి, కలియబెట్టి, తేర్చి, వడపోయడం. దానికి పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ప్రపంచమంతా పుస్తకాల్లో మన ఊరి పేరు అలా ఎక్కింది. ఇంకో కారణానికి ఎక్కి ఉంటే బాగుండేది.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధానమంత్రి పథకాన్ని ప్రారంభించారు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మునిసిపాలిటీల్లో 135, కార్పొరేషన్లలో 150 అన్నది లక్ష్యం. ఇందులోనూ మూలసూత్రం ఇదే. నదీ జలాలను శుద్ధి చేసి, ఎత్తైన గుట్టల మీది రిజర్వాయర్లకు ఒకసారి ఎక్కించి, అక్కడి నుంచి వీలైనంత దూరం వాలుకే వదలడం. మన దగ్గర గుట్టలకు కరువు లేదు గదా! గుట్ట మీద ట్యాంకు కడితే స్తంభాల ఖర్చు భూమాతే భరిస్తుంది.

అయితే పెద్ద పైపు ఊరి ట్యాంకు దాకా తెస్తుంది. ట్యాంకు నుంచి చివరి ఇంటి దాకా పోవాలంటే మళ్ళీ ఆ మూడు అంకెల కూడికే. ఊరు పెరుగుతుంది. ట్యాంకు కట్టిన నాడు పొలాలైన మెరక చోట్ల ఈనాడు ప్లాట్లు, రెండంతస్తుల ఇళ్ళు. పాత ట్యాంకు ఎత్తు మారలేదు. అందుకే మీ కాలనీలో కొత్త ట్యాంకు కడతామంటే రెండు ప్రశ్నలు అడగండి. అన్నిటికన్నా మెరక ఇంటి మట్టం తీశారా? నీటి అడుగు మట్టం ఎంత? ‘ఎన్ని లీటర్లు’ అన్నది మూడో ప్రశ్న. స్థలం ఉచితంగా వచ్చిందని పల్లంలో కడితే, ఆ ఉచితానికి వెల మెరక మీదివారు కడతారు.

పరికరం లేకుండా మనమే చూసుకునే ఉపాయాలు రెండున్నాయి. మేస్త్రీల దగ్గర తెల్లటి లెవల్ పైపు ఉంటుంది. అందులో గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపితే రెండు కొసల్లో నీరు ఒకే మట్టాన నిలుస్తుంది. ఒక్కో ఇల్లు దాటుతూ కొలిచి, తేడాలు కూడుకుంటూ పోతే వీధి పొడుగునా మెరక ఎంతో తెలుస్తుంది. రెండోది, నల్లాకు తెల్ల పైపు గట్టిగా బిగించి, రెండో కొస పైకెత్తి మిద్దె మెట్లెక్కండి. నీళ్ళు ఎంత ఎత్తున ఆగిపోతాయో అదే మీ నల్లా ఒత్తిడి. ఇరుగుపొరుగు నల్లాలు విప్పి ఉన్న వేళ చూడాలి. అసలు సంగతి అప్పుడే తెలుస్తుంది. మెట్లు మాత్రం మనుమణ్ణి ఎక్కమనండి.

ఇక మన ఇళ్ళ మాట. రిటైరైన డబ్బుతో పైన ఒక అంతస్తు వేసుకున్నవారు చాలామంది ఉన్నారు. పై స్లాబు మీదే సింటెక్స్ ట్యాంకు పెట్టించి, పైన షవర్‌లో నీళ్ళు రావడం లేదని ప్లంబరును తిడతారు. స్లాబు నేల నుంచి 3 మీటర్లు, షవర్ 2 మీటర్లు. తేడా ఒక్క మీటరు. అందులో పైపు తినేది పోగా మిగిలేది ధార కాదు, కన్నీరు. ట్యాంకును మెట్ల గది పైకప్పు మీద గాని, కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల దిమ్మె మీద గాని పెట్టించండి. అప్పుడు కూడా ట్యాంకు నుంచి దిగే పైపు ముఖ్యం. అంగుళంన్నర పైపుతో దించి, నల్లా దగ్గరకు వచ్చాకే అరంగుళం చేయాలి. మొదటి నుంచే అరంగుళం వేస్తే ఎత్తు అంతా వృథా. ట్యాంకు పక్కన పైకి లేచే గాలి గొట్టం కూడా ఉండాలి, లేకపోతే పైపులో గాలి పట్టి నీళ్ళు ఆగుతాయి.

బరువు మరవకండి. వెయ్యి లీటర్లంటే వెయ్యి కిలోలు, ఒక టన్ను. దిమ్మెను దూలాల మీద, స్తంభాల మీద వేయించాలి. స్లాబు నడుమ ఖాళీ చోట కాదు. నిండిందో లేదో చూడడానికి మన వయసులో నిచ్చెన ఎక్కవద్దు. నిండగానే మోగే అలారం పెట్టించుకోండి. తుంటి ఎముక ఖర్చుతో పోలిస్తే అది ఏపాటి!

చివరిగా ఒక మనవి, కొంచెం చేదుగా ఉన్నా వినండి. వీధి నల్లాకు నేరుగా మోటారు బిగించడం మన కాలనీల్లోనూ ఉంది. పల్లంలో ఉన్నవారు మోటారు పెడితే, న్యాయంగా మెరక మీదికి పోవలసిన నీరు వారి సంపులో పడుతుంది. పైగా పైపులో ఎక్కడైనా చిల్లు ఉంటే మోరీ నీరు లోపలికి లాగబడుతుంది. అది తాగేది మనమే, మన మనుమలే. ముందు మన సభ్యుల ఇళ్ళ నల్లాలకు మోటార్లు తీసేద్దామని ఈ సభ తీర్మానం చేయాలని కోరుతున్నాను.

మన సంఘంలో రిటైరైన ఓవర్సీర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, సర్వేయర్లు ఉన్నారు. లెవల్ చూడడం వారికి కొత్త కాదు. నెలకొక ఆదివారం ఒక కాలనీకి పోయి, మట్టాలు రాసి, ఆ కాగితాన్ని పంచాయతీకో మునిసిపాలిటీకో ఇస్తే, అర్జీ బలం పది రెట్లవుతుంది. నీళ్ళు రావడం లేదంటే ‘పరిశీలిస్తాం’ అని జవాబు వస్తుంది. మా ఇల్లు ట్యాంకు అడుగు మట్టానికి ఇన్ని మీటర్ల కిందే ఉంది, పైపు ఇంత సన్నం, ఇంత పొడవు అని రాస్తే జవాబు కూడా అంకెల్లోనే ఇవ్వాల్సి వస్తుంది. రాయడానికి మనుషులు కావాలంటే మాబోటి గుమాస్తాలం ఉండనే ఉన్నాం. ఆసక్తి ఉన్నవారు సభ ముగిశాక కార్యదర్శిగారి దగ్గర పేరు నమోదు చేయించండి.